అప్పడాల బిల్లుకు అరవై రోజుల గడువు

సంపాదకులు గారికి,

నమస్కారం. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఎదుగుతున్న ఆహారోత్పత్తుల సంస్థల గురించి మీ వాణిజ్య పుటలో ఈమధ్య వచ్చిన కథనాన్ని శ్రద్ధగా చదివాను. పచ్చళ్లు, పొడులు, అప్పడాలు, చిరుతిండ్లు తయారుచేసే సంస్థలు అమ్మకాలను ఏ మేరకు పెంచుకున్నాయో, ఎన్ని కొత్త పట్టణాలకు సరుకు పంపుతున్నాయో, ఎటువంటి యంత్రాలు తెచ్చుకున్నాయో అందులో వివరంగా రాశారు. రాసినదాంట్లో తప్పు పట్టవలసింది లేదు. కానీ ఒడిశాలోని బరంపురంలో అటువంటి ఒక సంస్థలోనే కొన్నేళ్లుగా ఫైనాన్షియల్ అనలిస్టుగా పనిచేస్తున్న నాకు, ఉండి తీరవలసిన ఒక అంకె ఆ కథనంలో కనిపించలేదు. సరుకు ఇచ్చినవారికి ఆ సంస్థలు ఎన్ని రోజులకు డబ్బు చెల్లిస్తున్నాయన్నదే ఆ అంకె. నెలనెలా దాన్ని లెక్కగట్టి యాజమాన్యం ముందు పెట్టే పని నాది కాబట్టి, అది లేకుండా ఎదుగుదల గురించి ఎంత చెప్పినా సగమే చెప్పినట్టవుతుందని నాకు తెలుసు.

ముందుగా నా పని ఏమిటో చెప్పాలి. అకౌంటెంటు జరిగిపోయిన లెక్క రాస్తాడు. జరగబోయేదాని లెక్క వేయడం మా వంతు. వచ్చే మూడు నెలల్లో మినుములు ఏ ధరకు దొరకవచ్చు, నూనె ధర మారితే ఒక్కో ప్యాకెట్టు మీద మిగులు ఎంత తగ్గుతుంది, పది రూపాయల ప్యాకెట్టు ధర పెంచలేనప్పుడు అందులో ఎన్ని గ్రాములు తగ్గించవలసి వస్తుంది అన్నవి మేము రోజూ వేసే లెక్కలు. 2024 సెప్టెంబరు 14న ముడి పామాయిల్ మీద మొత్తం దిగుమతి సుంకం 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెరిగినప్పుడు మా బడ్జెట్టు మొత్తాన్ని తిరగరాశాం. 2025 మే 30న అది 16.5 శాతానికి దిగినప్పుడు మళ్లీ రాశాం. అదే ఏడాది సెప్టెంబరు 22న కారప్పూస, మిక్చరు వంటివాటి మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు దుకాణాల్లో అప్పటికే ఉన్న సరుకు ధర ఎలా సర్దాలన్నది మరో తలనొప్పి. ఇవన్నీ పత్రికల్లో వస్తాయి, పాఠకులకు తెలుస్తాయి. బయటికి రానిది రోజువారీ పెట్టుబడి లెక్క.

ఎదుగుతున్న సంస్థకు డబ్బు కొరత ఏమిటని చాలామంది అడుగుతారు. నిజానికి ఎదుగుతున్న సంస్థకే ఆ కొరత ఎక్కువ. చింతపండు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వస్తుంది. రాయగడ, కొరాపుట్ వైపు సంతల్లో ఆ రోజుల్లోనే కొని, ఏడాది పొడవునా వాడుకోవడానికి కోల్డ్ స్టోరేజీలో పెట్టాలి. అది ముగిసే లోపే ఆవకాయ మామిడి మొదలవుతుంది. అంటే ఏడాదికి సరిపడా సరుకులో పెద్దభాగానికి మూడు నాలుగు నెలల్లోనే డబ్బు పోయాలి, అది తిరిగి రావడం మాత్రం పన్నెండు నెలలు కొద్దికొద్దిగా వస్తుంది. చిన్న డిస్ట్రిబ్యూటర్లు ముందే డబ్బు కట్టి సరుకు తీసుకుంటారు. పెద్ద సూపర్ మార్కెట్లు సరుకు తీసుకున్నాక నెలా రెండు నెలలకు కడతాయి. అమ్మకాలు పెరిగే కొద్దీ ఆ పెద్ద దుకాణాల వాటా పెరుగుతుంది, దానితోపాటు రావలసిన బాకీ కూడా పెరుగుతుంది. బ్యాంకు ఇచ్చే అప్పు పరిమితి మాత్రం అదే వేగంతో పెరగదు. అమ్మకాలు ముప్పై శాతం పెరిగిన ఏడాదే జీతాల రోజున ఖాతాలో డబ్బు కోసం తడుముకోవలసి రావడం మా వృత్తిలో ఉన్నవాళ్లెవరికీ కొత్త కాదు.

అటువంటి ఒక వారంలో నా ఎక్సెల్ షీటులో ఒక గడి మార్చమన్నారు. సరుకు ఇచ్చినవారికి చెల్లింపు గడువు అన్న వరుసలో 30 అని ఉన్నచోట 60 అని కొట్టాను. ఆ ఒక్క మార్పుతో మొత్తం షీటు రంగు మారిపోయింది. లోటు చూపుతూ ఎర్రగా ఉన్న నెలలు నల్లగా మారాయి, బ్యాంకువారికి చూపించదగిన కాగితం తయారైంది. ఆ రోజు దాన్ని నేను మంచి పనిగానే భావించాను. ఎక్కడి నుంచి వచ్చింది ఆ డబ్బు అన్న ప్రశ్న నాకు వెంటనే తట్టలేదు.

ఆ ప్రశ్నకు జవాబు సరుకు పరిశీలనకు వెళ్లినప్పుడు దొరికింది. బరంపురంలోని ఒక తెలుగు వీధిలో మాకు అప్పడాలు చేసి ఇచ్చే ఒక పెద్దావిడ ఇల్లు అది. పెరటిలో నులక మంచాల మీద తెల్లని పాత చీరలు పరిచి, ఒత్తిన అప్పడాలను నీడపట్టున ఆరబెట్టారు. నలుగురు ఆడవాళ్లు వరుసగా కూర్చుని, నూనె రాసి దంచిన మినప్పిండి ముద్దను పొడవుగా సాగదీసి, దారంతో ఒకే కొలతకు ముక్కలు కోస్తున్నారు. చేత్తో కోసినా ఒక్కో ముక్క బరువులో గ్రాము తేడా రాదు. మా తూకపు యంత్రంతో సరిచూసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను. గోడకు వేలాడదీసిన నోటుబుక్కులో ఆవిడ తెలుగు అంకెల్లోనే లెక్క రాసుకుంటారు. ఒకవైపు మాకు పంపిన కట్టలు, రెండోవైపు మినుముల కొట్టుకు ఇవ్వవలసిన బాకీ. ఆ రెండో వరుస పొడవు చూసి నేను అడిగితే, "మీ డబ్బులు వస్తాయని నాకు తెలుసు బాబూ, ఎగ్గొట్టీవోళ్లు కారు. కాకపోతే అవి వచ్చీదాకా కొట్టోడు ఊరుకోడు కదా, నూటికి మూడు కట్టించుకుంటన్నాడు" అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు.

నూటికి మూడు అంటే నెలకు. ఆ రాత్రి ఇంటికి వచ్చి, ఆఫీసు కోసం కాక నా కోసం ఒక లెక్క వేసుకున్నాను. నూరు రూపాయల అప్పడాలలో మినుములు, ఉప్పు, ఇంగువ, జీలకర్ర, కూలి అన్నీ పోగా ఆవిడకు మిగిలేది తొమ్మిది రూపాయలనుకుందాం. ఆవిడ నోటుబుక్కు ప్రకారం అది ఉదారమైన అంచనాయే. తక్కిన తొంభై ఒక్క రూపాయలకు రెండు నెలల వడ్డీ, నూటికి మూడు చొప్పున, 5 రూపాయల 46 పైసలు. ఇక మిగిలింది మూడున్నర. ఇటు మా సంస్థ ఆ నూరు రూపాయలను అరవై రోజులు తన దగ్గరే ఉంచుకున్నందుకు, ఏడాదికి పది శాతం బ్యాంకు వడ్డీ చొప్పున, ఆదా చేసింది 1 రూపాయి 64 పైసలు. మేము రూపాయిన్నర చిల్లర మిగుల్చుకోవడానికి ఆవిడ ఐదున్నర పోగొట్టుకుంటున్నారు. ఈ రెండు వైపులనూ కలిపి చూస్తే ఇది లాభసాటి ఏర్పాటు కూడా కాదు. తక్కువ వడ్డీకి అప్పు పుట్టే చోటును వదిలి, ఎక్కువ వడ్డీకి పుట్టే చోట అప్పు చేయిస్తున్నాం. ఆ అప్పు మన పుస్తకాల్లో కనిపించదు, అంతే.

దాని ఫలితం మా పుస్తకాల్లోకి మరో దారిన వచ్చింది. చేతిలో డబ్బు లేనప్పుడు కొట్టువాడు ఇచ్చిన మినుములే తీసుకోవాలి. పాతబడిన పప్పుతో చేసిన అప్పడం త్వరగా బీటలు వారుతుంది. విరిగిపోయి దుకాణాల నుంచి వాపసు వచ్చే సరుకు పెరిగితే, ప్యాకింగు విభాగంవారు రవాణాను, రవాణావారు ప్యాకింగును తప్పుపట్టుకున్నారు. చెల్లింపు గడువు వరుసనూ వాపసు సరుకు వరుసనూ పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన నాకు వచ్చేసరికి ఏడాది గడిచింది. ఆ ఆలస్యానికి బాధ్యత నాదే.

ఇక్కడ సగటు అంకె చేసే మోసం గురించి కూడా చెప్పాలి. సంవత్సరాంతానికి సరుకు ఇచ్చినవారికి ఉన్న బాకీని ఏడాది కొనుగోళ్లతో భాగించి 365తో గుణిస్తే చెల్లింపు రోజుల సగటు వస్తుంది. సగటు ముప్పై అయిదని వస్తే చూసేవారికి బాగానే కనిపిస్తుంది. కానీ నూనె ట్యాంకరు డబ్బు పడనిదే గేటు దాటదు. ప్యాకింగు ఫిల్ము ఇచ్చే పెద్ద సంస్థ ముప్పయ్యో రోజున ఫోను చేస్తుంది, ముప్పై అయిదో రోజున సరుకు ఆపుతుంది. అడిగే బలం ఉన్నవారికి అందరికంటే ముందు అందుతుంది. సగటులో దాగి డెబ్భై రోజులు ఎదురుచూసేది అప్పడాలు, వడియాలు, మిరపకాయలు ఇచ్చే చిన్నవాళ్లే. అందువల్ల సగటును మాత్రమే చూసి ఏ సంస్థకూ మంచి మార్కులు వేయకూడదని, అదే సగటును తయారుచేసే మనిషిగా చెబుతున్నాను.

చట్టం లేదా అంటే ఉంది. 2006లో వచ్చిన సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు తీసుకున్నవారు రాతపూర్వక ఒప్పందం ఉంటే ఆ గడువులోగా, అది ఎంత రాసుకున్నా 45 రోజులకు మించకుండా, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోగా డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీని, నెలనెలా చక్రవడ్డీగా కట్టాలి. అడిగేవారు లేక ఆ నిబంధన చాలాకాలం కాగితం మీదే ఉండిపోయింది. దానికి కోరలు వచ్చింది 2024 ఏప్రిల్ 1 నుంచి, అంటే ఆ ముందు ఏడాది లెక్కలకు పన్ను మదింపు చేసేటప్పటి నుంచి, అమలైన ఆదాయపు పన్ను నిబంధనతో. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 43బి సెక్షనుకు చేర్చిన ఆ క్లాజు ప్రకారం, గడువు దాటించిన బాకీని నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోవాలి. అంతదాకా దాన్ని లాభంగానే లెక్కగట్టి పన్ను వేస్తారు.

ఆ నిబంధన మొదటిసారి వర్తించిన లెక్కల సంవత్సరం 2024 మార్చి 31తో ముగిసింది. ఆ మార్చి నెల నాకు బాగా గుర్తు. సరుకు ఇచ్చేవారందరినీ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు, అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదైనట్టు చూపే కాగితం, పంపమని అడిగాం. పంపినవారి పేర్లతో ఒక జాబితా, పంపనివారి పేర్లతో మరొకటి నేనే తయారుచేశాను. మొదటి జాబితాలోని పాత బిల్లులన్నీ 31వ తేదీలోపు తీరిపోయాయి. అందుకు కావలసిన డబ్బు రెండో జాబితా నుంచి వచ్చింది. వారి చెల్లింపులను ఏప్రిల్ మూడో వారానికి జరిపాం. చింతపండు, మినుముల కొనుగోళ్లకు డబ్బు అత్యవసరమైన రోజులవి. అప్పడాల పెద్దావిడ పేరు రెండో జాబితాలో ఉంది. చిన్నవాళ్ల కోసం తెచ్చిన చట్టం, అందరికంటే చిన్నవాళ్లను మరో నాలుగు వారాలు వెనక్కి నెట్టడం నా చేతుల మీదుగా జరిగింది. చట్టం ఉద్దేశం అది కాదు, మా యాజమాన్యం దురుద్దేశమూ కాదు. కాగితం ఉన్నవారికీ లేనివారికీ మధ్య ఉన్న తేడా, అంతే.

ఆ కాగితం ఎందుకు లేదు? ఉద్యమ్ నమోదు 2020 జులై 1 నుంచి ఉంది. రుసుము లేదు. ఆధార్, పాన్ ఉంటే సరిపోతుంది. అయితే జీఎస్టీ నంబరు లేనివారికి ఉద్యమ్ ఇవ్వరన్న అపోహ మా ప్రాంతంలో బలంగా ఉంది; మా కొనుగోళ్ల విభాగంలో కూడా ఉండేది. అప్పడాల మీద జీఎస్టీయే లేదు. అందువల్ల అప్పడాలు మాత్రమే చేసి అమ్మేవారికి ఆ నంబరు అవసరం లేదు. అది అవసరం లేనివారు అది లేకుండానే ఉద్యమ్‌లో నమోదు కావచ్చు. పాన్ కూడా లేని అతి చిన్నవారి కోసం 2023 జనవరిలో ఉద్యమ్ అసిస్ట్ అనే వేరే ఏర్పాటు వచ్చింది. మరో ముఖ్యమైన సంగతి: సరుకు ఇచ్చాక నమోదు చేసుకుంటే పాత బిల్లులకు ఈ చట్టపు రక్షణ పొందడం కష్టం, కాబట్టి తగాదా వచ్చేదాకా ఆగకూడదు. సంతల్లో కొని మాకు అమ్మే చింతపండు వర్తకుల పరిస్థితి వేరు. వారు ఉద్యమ్‌లో నమోదైనా, కేవలం వర్తకులు కావడం వల్ల, ఈ 45 రోజుల రక్షణ వారికి వర్తించదు. వారి వెనుక కొండల్లో చెట్టెక్కి చింతకాయ దులిపే గిరిజన కుటుంబాల వరకు ఆ ఆలస్యం పాకుతుంది. దీనికి చట్టంలోనే మార్పు రావాలి; అది ఒక ఉత్తరంతో అయ్యే పని కాదు.

మిగతాది మాత్రం తెలియజెప్పడంతో అయ్యే పని. సమాచారం ఇక్కడివారికి చేరకపోవడానికి కారణం నిర్లక్ష్యం కాదు, భాష. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడేదాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోని ఊరే; ఇక్కడి తెలుగు ఇళ్లలో ఇప్పటికీ లెక్కలు, ఉత్తరాలు తెలుగులోనే సాగుతాయి. ప్రభుత్వ ప్రకటనలు ఒడియాలో, ఇంగ్లీషులో వస్తాయి. ఇచ్ఛాపురం దాటితే తెలుగులో వస్తాయి గానీ అవి ఆంధ్రప్రదేశ్ పథకాలవి, మావారికి వర్తించవు. వయసు మళ్లిన ఆడవాళ్లు ఒడియా ధారాళంగా మాట్లాడతారు, చదవడం మాత్రం చాలామందికి రాదు. వారి ఇళ్లలోకి ప్రతి ఉదయం వెళ్లే చదువు మీ పత్రిక ఒక్కటే.

ఆంధ్ర వైపు నుంచి సరుకు పంపేవారికి మరో భయం ఉంది: కొనే సంస్థ ఒడిశాలో ఉంది, ఫిర్యాదు చేయాలంటే రాష్ట్రం దాటాలేమోనని. దాటనక్కరలేదు. పైన చెప్పిన 2006 చట్టంలోని 18వ సెక్షను ప్రకారం, సరుకు ఇచ్చినవారు ఏ రాష్ట్రంలో ఉంటే ఇటువంటి బాకీల తగాదాలు తేల్చే ఆ రాష్ట్రపు ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కే వివాదాన్ని విచారించే అధికారం ఉంది, కొన్నవారు దేశంలో ఎక్కడున్నా సరే. ఇచ్ఛాపురం మనిషి బరంపురం సంస్థ మీద ఆంధ్రప్రదేశ్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. 2017లో కేంద్ర ప్రభుత్వపు సమాధాన్ పోర్టల్ వచ్చినప్పటి నుంచి ఆ పని ఆన్‌లైన్‌లో కూడా అవుతుంది. అమ్మకం కొనసాగాలి కాబట్టి ఫిర్యాదు దాకా వెళ్లేవారు తక్కువే. అయినా దారి ఉందని తెలిసిన మనిషి మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది.

మా సంస్థలో ఏం జరిగిందో కూడా చెప్పడం న్యాయం. పైన చెప్పిన నూరు రూపాయల లెక్కనూ, వాపసు సరుకు వరుసనూ కలిపి ఒక పేజీలో పెట్టి యాజమాన్యానికి చూపించాను. ఉద్యమ్ ఉన్నా లేకపోయినా అప్పడాలు, వడియాలు ఇచ్చేవారికి పదిహేను రోజుల్లో చెల్లించడానికి ఒప్పుకున్నారు. మొత్తం కొనుగోళ్లలో వారి వాటా చిన్నది. బ్యాంకు వడ్డీ రూపంలో మాకు పడిన అదనపు భారం, విరిగిన సరుకు తగ్గడంతో చాలావరకు పూడింది. మిరపకాయలు, ఎండు పదార్థాలు ఇచ్చేవారి విషయంలో ఇంకా ఒప్పుకోలేదు. అడుగుతూనే ఉన్నాను.

మీకు నా విన్నపాలు రెండు. మొదటిది, ఆహార సంస్థల ఎదుగుదల గురించి రాసేటప్పుడు అమ్మకాల పక్కన చెల్లింపు రోజులు కూడా ప్రచురించండి. ఇందుకు ఎవరినీ బతిమాలవలసిన పని లేదు. కంపెనీలుగా నమోదైన ప్రతి సంస్థా తన బ్యాలెన్స్ షీటులో సూక్ష్మ, చిన్న సంస్థలకు ఉన్న బాకీని విడిగా చూపాలి. 2021 నుంచి ఏ బాకీ ఎంతకాలంగా ఉందో కూడా పట్టికగా ఇవ్వాలి. 45 రోజులు దాటిన బాకీల వివరాలను ఆరు నెలలకొకసారి కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖకు సమర్పించాలి. మీ విలేకరులు ఆ పట్టికను అడిగితే ఇవ్వలేమనే సంస్థ ఏదో, ఇచ్చే సంస్థ ఏదో పాఠకులకు తెలుస్తుంది. రెండవది, ఉద్యమ్ నమోదు ఎలా చేసుకోవాలో, జీఎస్టీ లేనివారు ఏ గడిలో ఏం నింపాలో, డెలివరీ చలానా మీద సరుకు అందిన తేదీ వేయించి సంతకం ఎందుకు తీసుకోవాలో, మీ శ్రీకాకుళం జిల్లా పేజీల్లోనూ బరంపురానికి వచ్చే ప్రతుల్లోనూ పెద్ద అక్షరాలతో ఒక ఆదివారం ప్రచురించండి. మార్చి నెలకు ముందే వస్తే ఎక్కువ మేలు. రాత పని, లెక్కల సరిచూపు నేను చేసి పెట్టగలను. అప్పడాల పెద్దావిడకు చదివి వినిపించి, ఆవిడకు అర్థం కాని వాక్యాలను మార్చి మరీ పంపుతాను.

ఇప్పటికీ అదే సంస్థలో పనిచేస్తున్నందున నా పేరును ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
ఒక ఫైనాన్షియల్ అనలిస్టు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా